మేడ మీద రేడియో, కింద మన వైఫై: లైసెన్సు లేని స్పెక్ట్రమ్‌ను పంచుకోవడం గురించి

ప్రశ్న: మాది విజయవాడ పటమటలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. నెల క్రితం ఒక టెలికం కంపెనీ వాళ్లు మా మేడ మీద చిన్న డిష్ లాంటి రేడియో బిగించారు. పక్క వీధిలో బిల్డింగ్‌కి ఇంటర్నెట్ ఇవ్వడానికట. అప్పటి నుంచి సాయంత్రమైతే ఐదో అంతస్తులో మా వైఫై నత్తనడక. అడిగితే "ఇది 5 గిగాహెర్ట్జ్ అండీ, ఫ్రీ స్పెక్ట్రమ్, లైసెన్సు అక్కర్లేదు" అన్నారు. కోట్లు పోసి స్పెక్ట్రమ్ కొనే కంపెనీలు మళ్లీ వైఫై బ్యాండ్‌లోకి ఎందుకొస్తున్నాయి? రేపు 5జీ కూడా ఇందులోకే వస్తే మా గతేంటి? ఎవరికి ఫిర్యాదు చేయాలి?

జవాబు:

వాళ్లు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కాకపోతే సగమే చెప్పారు. 2018 అక్టోబరులో కేంద్రం 5150 నుంచి 5350 వరకు, 5470 నుంచి 5875 వరకు, మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ని లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని నోటిఫికేషన్ ఇచ్చింది. అంతకుముందు 5 గిగాహెర్ట్జ్‌లో ఆరుబయట వాడకానికి మనకున్న జాగా చాలా తక్కువ. ఆ నోటిఫికేషన్‌లోనే షరతులూ ఉన్నాయి: ఇంకొకరికి అంతరాయం కలిగించకూడదు, మనకు అంతరాయం కలిగిందని రక్షణ అడగకూడదు, బ్యాండ్ ఏ ఒక్కరి సొత్తూ కాదు, అందరూ పంచుకోవాలి. పవర్‌కి హద్దులున్నాయి. పరికరానికి టెలికం శాఖ వైర్‌లెస్ విభాగం ఇచ్చే టైప్ అప్రూవల్, అంటే ఈటీఏ, ఉండాలి.

అంటే "మా వైఫై పాడైంది, ఆ రేడియో తీయించండి" అని మీరు చట్టప్రకారం పట్టుబట్టలేరు. మీ వైఫై వల్ల మా లింకు పోయిందని వాళ్లూ అనలేరు. ఇద్దరికీ హక్కు సమానం, రక్షణ సున్నా. ఇలాంటి చోట పంపకం సవ్యంగా జరగాలంటే మధ్యలో మర్యాద ఉండాలి. రేడియోల్లో మర్యాద అంటే రెండే: మాట్లాడే ముందు వినడం, అవసరానికి మించి అరవకపోవడం. రెండోదానికి మన దేశంలో రూలుంది. మొదటిదాన్ని పరికరాల తయారీదారులకు, ప్రమాణాలు రాసేవాళ్లకు వదిలేశాం. నాకు బాధ కలిగించే విషయం అదే. మీ సమస్యకు మూలం కూడా చాలావరకు అక్కడే ఉంటుంది.

ముందు కంపెనీల సంగతి. 2022 ఆగస్టులో ముగిసిన 5జీ వేలంలో సుమారు లక్షా యాభై వేల కోట్ల రూపాయలకు స్పెక్ట్రమ్ అమ్ముడైంది. అంత పోసినా 3.3 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పెద్ద కంపెనీలకు దక్కింది తలా 100 మెగాహెర్ట్జ్. పక్కనే డబ్బు కట్టక్కర్లేని 605 మెగాహెర్ట్జ్ కనిపిస్తుంటే ఎవరు ఊరుకుంటారు? ఫైబర్ లాగడానికి వీలుకాని బిల్డింగులకు ఈ బ్యాండ్ మీద లింకు వేయడం తేలిక. టెలికం వాళ్లు దీన్ని యూబీఆర్ అంటారు, అన్‌లైసెన్స్‌డ్ బ్యాండ్ రేడియో. మీ మేడ మీద ఉన్నది నూటికి తొంభై పాళ్లు అదే. అది 5జీ కాదు, సెల్ టవరూ కాదు. ఒక బిల్డింగ్ నుంచి ఇంకో బిల్డింగ్‌కి డేటా మోసే లింకు. రేడియేషన్ అని ఇంట్లో పెద్దవాళ్లు టెన్షన్ పడుతుంటే ఈ మాట చెప్పండి.

అసలు 4జీ, 5జీలనే ఈ బ్యాండ్‌లో నడపడం వేరే కథ. మీ రెండో ప్రశ్న దాని గురించే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

సెల్ నెట్‌వర్క్‌లో ఫోన్లు తమంతట తాము మాట్లాడవు. ఎవరు ఎప్పుడు, ఏ ఫ్రీక్వెన్సీ ముక్క మీద, ఎంతసేపు అనేది టవరే మిల్లీసెకన్ల లెక్కన పంచిపెడుతుంది. కృష్ణా డెల్టా కాలువ మీద లస్కరు తూము ఎత్తి ఈ పొలానికి ఇంతసేపు, ఆ పొలానికి అంతసేపు అని వంతులు వేసినట్టు. కాలువ మొత్తం ఒకే శాఖ చేతిలో ఉన్నంతకాలం ఆ పద్ధతికి తిరుగులేదు. లైసెన్సు కొన్న స్పెక్ట్రమ్ అలాంటిదే, అందులో ఇంకెవరూ ఉండరు.

వైఫైలో పంచేవాడు లేడు. ప్రతి రూటరూ, ప్రతి ఫోనూ ముందు చెవి ఒగ్గి వింటుంది. ఛానల్ ఖాళీగా ఉంటే 34 మైక్రోసెకన్లు ఆగుతుంది. తర్వాత 0 నుంచి 15 లోపు ఒక అంకె అనుకుని, 9 మైక్రోసెకన్లకు ఒకటి చొప్పున దాన్ని తగ్గించుకుంటూ వస్తుంది. సున్నాకి చేరితే మాట్లాడుతుంది. మధ్యలో ఎవరైనా అందుకుంటే లెక్క ఆపి, వాళ్లు ముగించాక మిగిలిన అంకె నుంచి కొనసాగిస్తుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడి గుద్దుకుంటే ఆ 15 కాస్తా 31, తర్వాత 63 అవుతుంది, అలా 1023 దాకా పోవచ్చు. అంటే రద్దీ పెరిగేకొద్దీ ప్రతివాడూ తనంతట తాను వెనక్కి తగ్గుతాడు. బలం అదే, బలహీనతా అదే. వెనక్కి తగ్గనివాడు ఒక్కడు వస్తే మిగతా అందరూ తగ్గుతూనే ఉంటారు.

2013లో చిప్పుల కంపెనీ క్వాల్‌కామ్ 4జీని 5 గిగాహెర్ట్జ్‌లో నడుపుదామని ప్రతిపాదించినప్పుడు వైఫై వర్గం ఉలిక్కిపడింది ఇందుకే. మరుసటి ఏడాది అమెరికా మొబైల్ కంపెనీ వెరైజన్ మరికొన్ని కంపెనీలను కలుపుకుని ఎల్‌టీఈ-యూ (లైసెన్సు లేని బ్యాండ్‌లో నడిచే 4జీ) ఫోరమ్ పెట్టింది. ఎల్‌టీఈ-యూలో వైఫైలాగా ప్రతిసారీ వినడం లేదు. టవర్ కొంతసేపు పరిసరాలు గమనించి, చుట్టూ ఎంత వైఫై ఉందో అంచనా కట్టి, దాన్నిబట్టి కొన్ని పదుల మిల్లీసెకన్లు ప్రసారం, కొన్ని పదుల మిల్లీసెకన్లు మౌనం అని చక్రం తిప్పుతుంది. సగటున చూస్తే న్యాయంగానే కనిపిస్తుంది. చిక్కు ఎక్కడంటే, మౌనం ముగిసే క్షణానికి మీ రూటర్ మాట మధ్యలో ఉన్నా టవర్ ఆగదు. మీ ప్యాకెట్ పోతుంది. సినిమా డౌన్‌లోడ్‌కి ఇది తెలియదు. వైఫై కాల్‌లో మాత్రం మాట తెగుతుంది, వీడియో మీటింగ్‌లో ముఖం ఆగిపోతుంది. సగటు లెక్కలు చూపించి న్యాయం జరిగిందనేవాళ్లతో నేను ఎప్పుడూ ఏకీభవించలేదు. పంచుకోవడాన్ని మనిషి అనుభవించేది ఆలస్యంలో, సగటు వేగంలో కాదు.

గూగుల్ లాంటి సంస్థలు, అమెరికా కేబుల్ కంపెనీలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. వైఫై పరికరాల కంపెనీల సంఘం వైఫై అలయన్స్ 2016 సెప్టెంబరులో సహజీవన పరీక్షల పద్ధతిని ప్రకటించింది. 2017 ఫిబ్రవరిలో అమెరికా టెలికం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ మొదటి ఎల్‌టీఈ-యూ పరికరాలకు అనుమతిచ్చింది. యూరప్, జపాన్‌లకు ఈ తలనొప్పి రాలేదు. మాట్లాడే ముందు వినాలన్నది అక్కడ ముందునుంచీ రూలు, కాబట్టి ఎల్‌టీఈ-యూకి దారే లేదు.

ఆ రూలుకు తగ్గట్టు, మొబైల్ ప్రమాణాలు రాసే అంతర్జాతీయ కూటమి 3జీపీపీ తయారుచేసిన 4జీ రూపమే ఎల్‌ఏఏ. 2016లో ఆ ప్రమాణాల రిలీజ్ 13తో వచ్చింది. ఇందులో ఫోన్ లైసెన్సు బ్యాండ్‌ని ఆధారంగా పట్టుకునే ఉంటుంది, అదనపు డౌన్‌లోడ్ వేగానికి మాత్రమే 5 గిగాహెర్ట్జ్‌ని తెచ్చుకుంటుంది. ప్రసారానికి ముందు వైఫైలాగే వింటుంది, అదే 9 మైక్రోసెకన్ల లెక్కతో ఎదురుచూస్తుంది. మామూలు డేటాకి ఒకసారి ఛానల్ దొరికితే 8 మిల్లీసెకన్లకు మించి అట్టేపెట్టుకోకూడదు, చుట్టూ వైఫై లేదని ఖాయమైతే 10. 2020లో రిలీజ్ 16తో వచ్చిన 5జీ రూపం, ఎన్‌ఆర్-యూ, ఇదే దారి. అది లైసెన్సు బ్యాండ్ తోడు లేకుండా కూడా నడవగలదు.

కాబట్టి "5జీ వస్తే మా వైఫై చచ్చిపోతుందా" అంటే, వినే 5జీ వస్తే చావదు. పక్కింట్లో ఇంకో బిజీ రూటర్ పెట్టినంత ప్రభావం ఉంటుంది. ఇక్కడా ఒక మెలిక ఉంది. వినడం అంటే ఎంత సన్నటి శబ్దం దాకా వినాలి? వైఫై ఇంకో వైఫైని మైనస్ 82 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, మైనస్ అంకె పెద్దదయ్యేకొద్దీ బలం తక్కువ) దగ్గరే గుర్తుపట్టి ఆగుతుంది, ఎందుకంటే ప్యాకెట్ మొదట్లో ఉండే గుర్తు దానికి తెలుసు. ఆ గుర్తు లేని శబ్దమైతే మైనస్ 62 దాకా పట్టించుకోదు. తేడా 20 డీబీ, అంటే నూరు రెట్లు. ఎల్‌ఏఏ గీసుకున్న గీత మైనస్ 72. ఈ మూడు గీతల మధ్య ఉన్న సిగ్నళ్ల దగ్గరే రెండు జాతుల రేడియోలూ ఒకదాన్నొకటి వినీ విననట్టు ఉంటాయి. ప్రమాణాల కమిటీల్లో ఏళ్ల తరబడి వాదన జరిగింది ఈ పది, ఇరవై డీబీల మీదే. నేను పనిచేసే విజయవాడ, గుంటూరు వీధుల్లో ఎల్‌ఏఏ గానీ ఎన్‌ఆర్-యూ గానీ నాకు తగల్లేదు. తగిలేవన్నీ యూబీఆర్‌లు, పాయింట్-టు-పాయింట్ డిష్‌లు.

మీ మేడ మీదికి వద్దాం. ఇలాంటి రేడియోల్లో చాలావాటి లోపల ఉండేది వైఫై చిప్పే, కానీ మీద నడిచే సాఫ్ట్‌వేర్ వేరు. దూరపు లింకుల్లో వినడం వల్ల వేగం పడిపోతుందని, వినడం మానేసి టైం స్లాట్లతో, అంటే ముందే కట్టిన వంతులతో నడిపే మోడ్‌లో పెడతారు. అప్పుడు మీ రూటర్‌కి అది వైఫైలా కనిపించదు, ఉత్త శబ్దంలా వినిపిస్తుంది. ఆ శబ్దం మైనస్ 62 కంటే గట్టిగా ఉంటే మీ రూటర్ నోరు మూసుకుని కూర్చుంటుంది: సిగ్నల్ గీతలు ఫుల్లు, స్పీడు నిల్లు. దానికంటే తక్కువైతే రూటర్ మాట్లాడుతూనే ఉంటుంది గానీ ఫోన్‌కి సరిగ్గా వినపడదు, మళ్లీ మళ్లీ పంపాల్సి వస్తుంది: స్పీడు ఎగిరెగిరి పడుతుంది. మీకు జరుగుతున్నది ఈ రెండిట్లో ఏదో గమనించండి.

అయితే డిష్ మీద అనుమానం పెట్టుకునేముందు ఒక మాట. డిష్ తన బలమంతా ఎదుటి బిల్డింగ్ వైపు సన్నగా పంపుతుంది. పక్కలకు, కిందకు కారేది తక్కువ, ఆపైన కాంక్రీట్ స్లాబ్ దాన్ని ఇంకా తినేస్తుంది. మూడో అంతస్తులో ఇబ్బంది ఉందంటే నేను ఆ డిష్‌ని అనుమానించను. మీది ఐదో అంతస్తు, నేరుగా స్లాబ్ కింద. బాల్కనీ వైపు గదిలో సమస్య ఎక్కువగా ఉందా? ఉంటే అనుమానానికి బలం ఉంది.

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో ఇలాంటి పంచాయితీయే నా దగ్గరికొచ్చింది. ఒకే మేడ మీద ఇద్దరు ఆపరేటర్ల డిష్‌లు, మధ్యలో పది అడుగులు కూడా లేదు. ఒకటి కెమెరాలకూ బిల్లింగ్‌కూ, రెండోది చుట్టుపక్కల కనెక్షన్లకు. సీజన్‌లో లారీలు బారులు తీరి ఉంటే బిల్లింగ్ ఆగిపోతోంది. ఇద్దరూ ఆటో ఛానల్, 80 మెగాహెర్ట్జ్ వెడల్పు పెట్టి వదిలేశారు. ఒక రేడియో గోల భరించలేక ఛానల్ మారితే, కాసేపటికి రెండోది కూడా వెతుక్కుంటూ అక్కడికే చేరుతుంది. రేడియో పేజీ తెరిస్తే సిగ్నల్ మైనస్ 58, బాగానే ఉంది. నాయిస్ ఫ్లోర్, అంటే వెనకాల ఎప్పుడూ ఉండే గోల, మాత్రం మైనస్ 78. ఆ పరికరంలో మామూలుగా మైనస్ 95 దగ్గర ఉండాల్సిన అంకె. ఒకతని రేడియోలో దేశం పేరు దగ్గర ఇండియా తీసేసి టెస్ట్ మోడ్ పెట్టి ఉంది, పవర్ హద్దు తప్పించుకోవడానికి. ఎదురుగా ఉన్నది రోడ్డు అవతలి గోడౌను! అంత దగ్గరికి అరవడం ఎందుకు?

ఆపరేటర్లిద్దరినీ ఎండలోనే మేడ మీద నిలబెట్టాం. వాళ్లలో పెద్దాయన "తమ్ముడూ, నీ కెమెరాలకి ఎనభై ఎందుకురా, ఇరవై చాలదా" అన్నాడు. కెమెరాల లింకు అతను "చాలన్నా, ఎవరూ చెప్పలేదు, పెట్టి వదిలేశాను" అన్నాడు. కెమెరా లింకుని 5745 మీద 20 మెగాహెర్ట్జ్‌కి, రెండోదాన్ని 5795 మీద 40కి కట్టేశాం. దేశం మళ్లీ ఇండియాకి మార్చి, ఇద్దరి పవర్ 18 డీబీఎంకి దించాం. నాయిస్ ఫ్లోర్ అక్కడే, చూస్తుండగానే మైనస్ 92కి దిగింది. రూపాయి ఖర్చు లేదు. ఈ బ్యాండ్‌లో నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం ఇలాగే తీరాయి. తీరనివి ఎక్కడంటే, అవతలివాడు ఫోనెత్తని చోట.

ఇక మీరు చేయాల్సినవి. మొదట ల్యాప్‌టాప్‌ని నెట్‌వర్క్ కేబుల్‌తో రూటర్‌కి కలిపి రాత్రి ఎనిమిదింటికి స్పీడు చూడండి. అక్కడే తక్కువుంటే తప్పు గాలిలో లేదు, మీ ఇంటర్నెట్ కంపెనీ లైన్లో ఉంది. ఆ డిష్‌ని నిందించి లాభం లేదు. కేబుల్‌లో బాగుండి వైఫైలో తగ్గితే రూటర్ సెట్టింగ్స్‌లో 5 గిగాహెర్ట్జ్ ఛానల్ చూడండి. 149 నుంచి 165 మధ్య ఉంటే 36 నుంచి 48 మధ్యకు మార్చండి. పాయింట్-టు-పాయింట్ డిష్‌లు ఎక్కువగా ఉండేది పైన 5.8 వైపు. వెడల్పు 160 ఉంటే 80కి, ఇంకా ఇబ్బందైతే 40కి తగ్గించండి. చాలామంది దీనికి ఒప్పుకోరు, స్పీడు సగమవుతుందని భయం. రద్దీ అపార్ట్‌మెంట్‌లో 40 మీద నిలకడగా వచ్చేది 160 మీద కొట్టుకుంటూ వచ్చేదానికన్నా చాలా మేలు. టీవీ, డెస్క్‌టాప్ లాంటి కదలని వస్తువులకు కేబుల్ వేసేయండి. గాలిలోంచి తప్పించిన ప్రతి పరికరం మీకూ, పక్కింటివాళ్లకూ ఉపకారమే.

ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ చూసి "ఛానల్ ఖాళీగా ఉంది కదా" అనుకోకండి. ఆ యాప్‌లు వైఫైని మాత్రమే చూపిస్తాయి. నే చెప్పిన టైం స్లాట్ల రేడియో గానీ, ఎల్‌ఏఏ గానీ వాటిలో కనపడదు. మీ రూటర్‌లో ఛానల్ యుటిలైజేషన్ (ఛానల్ ఎంత బిజీగా ఉందో) అనో, నాయిస్ అనో అంకె చూపిస్తే దాన్ని నమ్మండి. 2.4 గిగాహెర్ట్జ్ వాడుతుంటే 1, 6, 11లలో 11 ఎంచుకోండి. 2300 నుంచి 2400 దాకా 4జీ నడుస్తోంది, 1వ ఛానల్ దానికి గోడ పక్కనే.

6 గిగాహెర్ట్జ్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీలాంటివాళ్లకు అసలైన ఊరట అక్కడుంది. అమెరికా 2020లో 1200 మెగాహెర్ట్జ్ మొత్తాన్నీ వదిలేసింది. మన టెలికం కంపెనీలు ఆ బ్యాండ్ మొబైల్‌కే కావాలని పట్టుబట్టాయి. చివరికి కేంద్రం 5925 నుంచి 6425 దాకా 500 మెగాహెర్ట్జ్‌ని వైఫై లాంటివాటికి ఇస్తూ 2025 మేలో ముసాయిదా నియమాలు తెచ్చింది. ఇంట్లో 30 డీబీఎం, అంటే 1 వాట్ దాకా. ఆరుబయట 14 డీబీఎం మాత్రమే, అంటే 25 మిల్లీవాట్లు. అదే బ్యాండ్‌లో భూమి నుంచి శాటిలైట్లకు వెళ్లే సిగ్నళ్లు ఉన్నాయి కాబట్టి బయట అంత బిగించారు. ఆ 25 మిల్లీవాట్లతో మేడల మధ్య లింకు వ్యాపారం నడపలేరు. అంటే ఈ బ్యాండ్‌లో మీ పోటీ పక్క ఫ్లాట్ రూటర్లతోనే, మేడ మీది డిష్‌లతో కాదు. కొత్త రూటర్ కొనే ఆలోచన ఉంటే వైఫై 6ఈ లేదా వైఫై 7లో, 6 గిగాహెర్ట్జ్ ఇండియాలో పనిచేస్తుందని ఖాయం చేసుకుని తీసుకోండి. ఫోన్ కూడా దానికి తగ్గది ఉండాలి.

ఫిర్యాదు విషయం. మీ చేతిలో ఉన్న బలమైన ఆయుధం స్పెక్ట్రమ్ చట్టం కాదు, మేడ. అక్కడ బిగించుకోవడానికి అనుమతిచ్చింది మీ అసోసియేషన్. ప్రెసిడెంట్ గారి ద్వారా కంపెనీకి ఒక లెటర్ పెట్టించండి. ఏ ఫ్రీక్వెన్సీ, ఎంత వెడల్పు, ఎంత పవర్, పరికరం ఈటీఏ నంబరు ఎంత అని రాతపూర్వకంగా అడగండి. 5150-5250 భాగాన్ని ఇళ్లకు వదిలి పైభాగంలో నడపమని, ఆటో ఛానల్ తీసేయమని కోరండి. అగ్రిమెంట్ రెన్యువల్‌లో ఈ షరతు చేర్పించండి. పని తెలిసిన ఇంజినీర్ వస్తే అరగంట పని. వాళ్లకూ లాభమే, మీ ఫ్లాట్ల రూటర్లు వాళ్ల లింకునీ పాడు చేస్తుంటాయి. ఈటీఏ లేకపోయినా, పవర్ హద్దు దాటినట్టు తేలినా అప్పుడది పంపకం గొడవ కాదు, నిబంధన ఉల్లంఘన. దాన్ని టెలికం శాఖ దృష్టికి తీసుకెళ్లొచ్చు. ఉత్త స్లో స్పీడు ఫిర్యాదుగా వెళ్తే మాత్రం ఎవరూ కదలరు.

ఆరుబయట పెట్టే ప్రతి 5 గిగాహెర్ట్జ్ రేడియో వినే మోడ్‌లోనే నడవాలని మన నియమాల్లో కూడా రాయాలని నేను చాలాకాలంగా అడుగుతున్నాను. దూరపు పల్లెలకు లింకులు వేసే చిన్న ఆపరేటర్లకు దానివల్ల వేగం తగ్గుతుంది, వాళ్ల బాధ నాకు తెలుసు. ఊళ్ల మధ్య మినహాయింపు ఇచ్చి, పటమట, బ్రాడీపేట లాంటి ఇరుకు చోట్ల తప్పనిసరి చేయొచ్చు.

కేబుల్‌తో ఒకసారి, రూటర్ పక్కన ఒకసారి, బాల్కనీ గదిలో ఒకసారి రాత్రి ఎనిమిదింటికి స్పీడు చూసి, రూటర్ మోడల్, ఇప్పుడున్న ఛానల్ నంబరు కలిపి ఇక్కడ రాయండి. డిష్ ఏ వైపు తిరిగి ఉందో ఒక ఫోటో కూడా పెడితే అది మీ ఇంటి మీదుగా వెళ్తోందో లేదో చెప్పగలను.